ముందుగది

సినిమా టీచరు లోరెటా ఏటా విద్యార్థులను మెక్సికోలోని వహాకాకు తీసుకొచ్చి చెప్పే మొదటి పాఠం ఒక్కటే: ముందు మీరు దిగిన ఇంటి మనుషుల్లో కలవండి, తర్వాతే కెమెరా బయటికి తీయండి. అమెరికా పిల్లలు నెలరోజులు ఒక్కో ఇంట్లో ఉండి ఆ ఇంటి మీద చిన్న సినిమా తీయాలి. వెళ్లేముందు దాన్ని వీధివాళ్లందరికీ చూపించాలి.

ఆమె, శిష్యురాలు టెస్సా దిగింది యుఫ్రాసియా ఇంట్లో. "ఒసేయ్ లోరెటా, కబుర్లాపి ఆ పిండి ఇటందుకో" అంటూ యుఫ్రాసియా వాళ్లను వంటింట్లోనే తిప్పుకునేది. సినిమా అనగానే ముందుగదికి నీలంరంగు వేయించింది. కొత్త గౌను తొడుక్కుని సోఫాలో కూర్చుని తన కథంతా చెప్పింది. టెస్సా శ్రద్ధగా తీసింది. అదంతా కోసేయమన్నది లోరెటాయే.

"స్టూడియోలో ఫోటోకి కూర్చున్నట్టుంది. వంటింట్లో తీసింది పెట్టు."

"కానీ ఆవిడకి ఇదే ఇష్టం కదా మేడమ్?"

"మనకి నిజం కావాలమ్మాయ్."

వాకిట్లో దుప్పటి కట్టి సినిమా వేశారు. మసిబారిన గోడ, తెగిన చెప్పులు, పొగకు కళ్లు తుడుచుకుంటున్న యుఫ్రాసియా. దానికితోడు ఏడుపుగొట్టు సంగీతం.

"ఏం వదినా, రంగు వేయించానని ఊరంతా టముకు వేశావుగా? ఏదీ ఆ గది?" అంది ఆడపడుచు క్లెమెన్సియా. అందరూ గొల్లుమన్నారు. యుఫ్రాసియా తలొంచుకుని కొత్త గౌను అంచు సర్దుకుంది. లోరెటాకు తల కొట్టేసినట్టయింది.

జనం వెళ్లాక దగ్గరికెళ్లింది. "తప్పు నాది, పిల్లది కాదు. రేపు ముందుగదిలో మళ్లీ తీస్తాం."

"వీళ్లందర్నీ మళ్లీ ఏ మొహంతో పిలవను?" యుఫ్రాసియా కుర్చీలు మడుస్తూ అంది. "చుట్టాల్ని ముందుగదిలో కూర్చోబెడతాం. వంటింట్లోకి ఇంటివాళ్లనే రానిస్తాం. మిమ్మల్ని రానిచ్చాను."

లోరెటా సిగ్గుతో తనూ ఒక కుర్చీ అందుకుంది. ఏటా పిల్లలకు పాఠం చెప్పేది తనే.

మర్నాడు పొద్దున్నే లోరెటా, టెస్సా అలవాటుగా వంటింటివైపు నడిచారు. తలుపు వేసి ఉంది.

"ఇటు రండి మేడమ్ గారూ" అని ముందుగదిలోంచి పిలుపు వచ్చింది.

నీలం గోడల మధ్య బల్లమీద తెల్లగుడ్డ, పూల పళ్లాలు, మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించిన వేడివేడి తమాలెలు, కప్పుల్లో చాక్లెట్. యుఫ్రాసియా కొసరి కొసరి వడ్డించింది.

"మొహమాటపడకండి. ఏం కావాలన్నా అడగండి" అని చెప్పి, వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.