ఆరో నంబరు మంచం సొరుగులో

నేను ఒక డైరీని. నా అట్ట మీద బంగారు రంగులో అచ్చయిన సంవత్సరం దాటిపోయి చాలా కాలమైంది. ఆ ఏడాది మొత్తం నాలో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. నాలాంటి వాటికి ఇది మామూలే. కొత్త సంవత్సరం వస్తే మనుషులు డైరీని అడిగి మరీ తీసుకుంటారు. మొదటి పేజీలో గుండ్రంగా పేరు రాసుకుంటారు. మూడో తారీఖు వచ్చేసరికి రాసుకోవడానికి ఏమీ తోచక బీరువాలో పడేస్తారు.

నన్ను విజయవాడలో ఒక ప్రెస్సులో కుట్టారు. ఒక మందుల కంపెనీ డాక్టర్లకు పంచడానికి చేయించింది, అందుకే నా ప్రతి పేజీ అడుగున ఒక మాత్ర పేరుంటుంది. కంపెనీ మనిషి నన్ను ఉద్దానంలో ఒక డయాలసిస్ సెంటర్ డాక్టరు గారికి ఇచ్చాడు. ఆయన బల్ల మీద అప్పటికే ఐదు డైరీలున్నాయి. ఆయన నన్ను టెక్నీషియన్ ఢిల్లేశ్వరరావుకి ఇచ్చాడు. ఢిల్లేశ్వరరావు దూది, ప్లాస్టరు పెట్టుకునే ఒక సొరుగులో నన్ను పడేసి మరిచిపోయాడు. అది ఆరో నంబరు మంచం పక్కనున్న సొరుగు.

ఆ గదిలో పది మంచాలు, పది మిషన్లు. మనిషి ఒంట్లోని రక్తాన్ని బయటికి లాగి, కడిగి, మళ్ళీ లోపలికి పంపే మిషన్లు. కొబ్బరితోటల మధ్య ఊళ్ళ నుంచి జనం వారానికి మూడుసార్లు వచ్చి పూటకు నాలుగు గంటలు పడుకుంటారు. పొద్దున ఆరు నుంచి పది దాకా ఒక బృందం, పదకొండు నుంచి మూడు దాకా ఇంకో బృందం. ఒకరు లేచాక దుప్పటి మార్చి అదే మంచం మీద రెండోవారిని పడుకోబెడతారు.

సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున పూట ఆరో నంబరు మంచం దమయంతిది. అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పే టీచరు, యాభై దాటిన మనిషి. ఆవిడకు క్రైమ్ నవలల పిచ్చి. బస్టాండు దగ్గర పాత పుస్తకాలమ్మే బండి మీద అట్ట చిరిగినవి ఏరుకొచ్చేది. ఎడమ చేతికి సూదులుంటాయి కాబట్టి కుడి చేత్తోనే పుస్తకం పట్టుకుని, పేజీ తిప్పడానికి గడ్డం సాయం చేసేది. పదకొండు గంటలకు అదే మంచం మీదికి వచ్చేది సుప్రజ. పంతొమ్మిదేళ్ళ పిల్ల, డిగ్రీ మొదటి సంవత్సరంలో మానేసింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో యానిమే, అంటే జపాన్ వాళ్ళ బొమ్మల సీరియళ్ళు, చూసేది. ఇద్దరూ ఎదురుపడేది పూట మారే ఆ కాసేపే. దమయంతి సూది తీసిన చోట దూది నొక్కుకుంటూ తూలుతూ దిగేది, సుప్రజ బరువు చూసే మిషన్ ఎక్కేది. నవ్వుకోవడానికే టైముండేది.

వాళ్ళ స్నేహం గొడవతో మొదలైంది. ఒక రోజు దమయంతి సగం చదివిన నవలను నా సొరుగులో మరిచిపోయింది. సుప్రజ ఫోన్లో చార్జింగ్ లేక ఆ నవల తీసి చదివేసింది. చదివి ఊరుకోక, నన్ను తెరిచి జనవరి ఒకటో తారీఖు పేజీలో రాసింది: "ఈ పుస్తకం ఎవరిదో గానీ థ్యాంక్స్. హంతకుడు డాక్టరే అని నాకు నలభయ్యో పేజీలోనే తెలిసిపోయింది. ప్రతిసారీ చేతులు కడుక్కుంటూ కనిపిస్తున్నాడు."

తర్వాత వచ్చినప్పుడు దమయంతి అది చదివింది. ఆవిడ అప్పటికి నూట పదో పేజీలో ఉంది, తోటమాలిని అనుమానిస్తోంది. ఆ రోజు ఆవిడకు బీపీ ఎక్కువ చూపించిందని ఢిల్లేశ్వరరావు రెండుసార్లు చూశాడు. నా రెండో పేజీలో పెద్ద అక్షరాలతో రాసింది: "ఎవరమ్మా నువ్వు? చివర చెప్పేస్తే ఇంక మనిషి దేనికి చదవాలి? ఈ సొరుగులో పుస్తకం చదివినవాళ్ళు అభిప్రాయం రాయచ్చు. చివర మాత్రం ఎప్పుడూ, ఎవరికీ చెప్పకూడదు."

కింద సుప్రజ చిన్నగా రాసింది. "సారీ పిన్నీ. ఒట్టు."

నాలో రాతలు అలా మొదలయ్యాయి. అప్పటినుంచి దమయంతి తను పూర్తిగా చదివిన నవలే సొరుగులో పెట్టేది. సుప్రజ తను చూసిన యానిమే పేరు, ఎన్ని ఎపిసోడ్లో రాసేది. దమయంతి వాళ్ళాయన ఫోన్లో అవి చూసేది. ఇద్దరి అభిప్రాయాలూ నా పేజీల్లో ఒకదాని కింద ఒకటి చేరేవి. పడుకుని రాసేవారు కాబట్టి వాక్యాలన్నీ కొండ దిగుతున్నట్టు కుడివైపుకి జారుతుంటాయి.

సుప్రజకు నవలల మీద జాలి లేదు. ఒకసారి ఇలా రాసింది: "ఈ ఇన్‌స్పెక్టరు తెలివైనవాడని రచయిత చెప్తున్నాడు గానీ పుస్తకంలో ఎక్కడా కనపడలేదు. పదకొండు కాఫీలు తాగాడు, నేను లెక్కపెట్టాను. హంతకుడికి పారిపోవడానికి కిటికీ ఉంది, కింద మోటార్ సైకిల్ ఉంది. వాడు నిలబడి ఎందుకు చంపానో ఏడు పేజీలు చెప్పాడు. మా కాలేజీ ప్రిన్సిపాల్ కూడా అంతసేపు మాట్లాడడు." ఇంకోదాని గురించి, కవల అన్నదమ్ములుంటే అట్ట మీదే రాసెయ్యాలని, రాయకపోతే మోసమని రాసింది.

దమయంతి యానిమేని ఇంతకంటే కఠినంగా చూసేది. "ఒక్క గుద్దు గుద్దడానికి మూడు ఎపిసోడ్లా? వాడు చెయ్యి ఎత్తి దింపేలోపు వాళ్ళ చిన్నప్పటి కథ, వాళ్ళ గురువుగారి కథ, గురువుగారి కుక్క కథ. ఆ లోపు మా ఊరి బస్సు వచ్చి వెళ్ళిపోతుంది. ఇంతింత కళ్ళున్నాయి, ఎదురుగా ఉన్న దొంగ కనపడడు." కానీ ఆ కింద, కాస్త ఆలస్యంగా కలిపిన వాక్యం ఒకటుంది: "ఆ గురువుగారు పోయినప్పుడు మా ఆయన గొంతు సవరించుకుని బయటికి వెళ్ళాడు. నేనూ కొంచెం ఏడ్చాను."

వాళ్ళిద్దరికీ నచ్చింది ఒకటుంది. వాన ఎప్పటికీ ఆగని ఒక ఊళ్ళో గొడుగులు బాగుచేసే పిల్ల కథ. దాని గురించి సుప్రజ మూడు పేజీలు రాసింది. రంగులు బాగున్నాయని, సంగీతం మరీ ఎక్కువైందని రాసి, తర్వాత ఇలా రాసింది: "అందులో నాకు అన్నిటికంటే బాగా నచ్చింది వాళ్ళు సూపు తాగడం. గిన్నె రెండు చేతులతో ఎత్తి, గటగటా మొత్తం తాగేసి, బల్ల మీద పెడతారు. అర లీటరు ఉంటుంది పిన్నీ. ఒక్కరు కూడా కొలవరు."

డయాలసిస్ వాళ్ళకు రోజుకు ఇన్ని గ్లాసులే నీళ్ళు అని లెక్కుంటుంది. దమయంతి ఆ వాక్యం కింద గీత గీసి, "నేనూ అదే ఎపిసోడ్ రెండుసార్లు చూశాను" అని రాసింది.

సంవత్సరం పైన ఇలా గడిచింది. నాలో పండగల తారీఖులు, సెలవులు అన్నీ తప్పు. దసరా అని అచ్చయిన పేజీలో ఎండాకాలం గురించి ఉంటుంది. వాళ్ళు పట్టించుకోలేదు. ఎవరు ఎంత జబ్బుగా ఉన్నారో నాలో ఎక్కడా ఉండదు. సుప్రజ రాత చిన్నదవుతూ వచ్చింది, అంతే. ముందు పేజీ నిండా రాసేది. తర్వాత సగం. తర్వాత నాలుగు లైన్లు. గుండె బలహీనపడిందని డాక్టరు వాళ్ళమ్మతో మంచం పక్కనే నిలబడి చెప్పాడు. వాళ్ళమ్మ గున్నమ్మ జీడిగింజలు ఒలిచే పనికి వెళ్తుంది. వేళ్ళు జీడినూనెకి నల్లబడి ఉంటాయి. ఆ వేళ్ళతో కూతురి పాదాలు నొక్కుతూ వింది. డాక్టరు వెళ్ళాక సుప్రజ నన్ను తీసి, కొత్త యానిమేలో పిల్లి గొంతు బాగులేదని రాసింది.

చివరిగా దమయంతి ఇచ్చింది మూడు వందల పేజీల నవల. సముద్రం ఒడ్డున లైట్‌హౌసులో పనిచేసే ఒకాయన భార్య ఒక రోజు కనపడకుండా పోతుంది. ఇల్లు తాళం వేసి ఉంటుంది, చెప్పులు మెట్ల మీద ఉంటాయి. ఆవిడ ఏమైందన్నదే కథ. సుప్రజకు అది బాగా నచ్చింది. మిగతా నవలలన్నీ చచ్చిపోయినవాళ్ళ గురించే, ఇందులో ఆవిడ బతికే ఉన్నట్టు అనిపిస్తోందని రాసింది. కానీ చదవలేకపోయింది. రెండు వందల పన్నెండో పేజీ దగ్గర మూడు వారాలు ఆగింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నాలో ఇలా రాసింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. "పిన్నీ, కళ్ళు నిలవడం లేదు. లైన్లు కలిసిపోతున్నాయి. ఈ ఒక్కదానికీ చివర చెప్పెయ్యవా? ఆవిడ బతికే ఉంది కదా?"

సోమవారం పొద్దున దమయంతి అది చదివింది. ఆ నవల, నేను చాలా రోజులు ఒకే సొరుగులో పడుకున్నాం, కాబట్టి అందులో ఏముందో నాకు తెలుసు. లైట్‌హౌసు ఆయన భార్య బతికి లేదు. మొదటి రోజే చనిపోయింది. భర్తే ఆమెను ఆ లైట్‌హౌసు కింద పూడ్చిపెట్టి, రోజూ దీపం వెలిగిస్తుంటాడు. దమయంతి పెన్ను పట్టుకుని చాలాసేపు పైకప్పు వైపు చూసింది. మిషన్ రెండుసార్లు కూసింది. తర్వాత రాసింది: "చెప్పను. చెప్పేస్తే ఇంక నువ్వు చదవవు. రోజుకు రెండు పేజీలు చదువు. చదవలేకపోతే రా, నేను చదివి వినిపిస్తాను. రూలు రూలే."

ఆ రోజు సుప్రజను చక్రాల కుర్చీలో తెచ్చారు. దమయంతి దూది నొక్కుకుంటూ ఆ కుర్చీ పక్కన ఆగింది.

"చెప్పవా పిన్నీ?" అంది సుప్రజ.

"బుధవారం నా పని అయ్యాక ఇక్కడే ఉంటాను. పదకొండింటికి మొదలుపెడితే మూడింటికి నువ్వు దిగేలోపు అయిపోతుంది. నేను చదువుతా, నువ్వు కళ్ళు మూసుకుని విను."

"రాక్షసివి నువ్వు," అని నవ్వింది ఆ పిల్ల.

నాలో ఆమె రాసిన ఆఖరి ముక్క ఆ మధ్యాహ్నం రాసిందే. "సరే. బుధవారం."

బుధవారం పదింటికి దమయంతి మంచం దిగి ఇంటికి వెళ్ళలేదు. వాళ్ళాయన్ని మధ్యాహ్నం బస్సుకి రమ్మంది. నన్ను, నవలను సంచిలో వేసుకుని వరండాలో బల్ల మీద కూర్చుంది. రెండు వందల పన్నెండో పేజీలో బస్సు టికెట్టు పెట్టి ఉంచింది. డయాలసిస్ అయిన మనిషికి కూర్చోవడం కష్టం, గోడకు తల ఆనించుకుంది. పదకొండున్నరకు ఢిల్లేశ్వరరావు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ కూర్చోడు.

"ఆ పాప నేదమ్మా. నిన్న పొద్దున్న," అన్నాడు. "ఆసుపత్రికి తెస్తంటే, దార్లోనే."

అయితే మంచం ఖాళీగా ఉందా అని దమయంతి అడిగింది. లేదని, కొత్త పేషెంటును పెట్టామని, చాలామంది వరసలో ఉన్నారని ఆయన చెప్పాడు. ఆవిడ తల ఊపింది. బస్సు వచ్చేదాకా ఆ టికెట్టు ఉన్న పేజీ తెరిచి ఒళ్ళో పెట్టుకుంది గానీ చదవలేదు.

పది రోజులు దాటాక ఒక సోమవారం పొద్దున గున్నమ్మ వచ్చింది. కూతురి కార్డు ఇచ్చేసి, సొరుగులో ఉండిపోయిన ఇయర్‌ఫోన్లు, నీళ్ళు కొలుచుకునే సీసా తీసుకోవడానికి వచ్చింది. దమయంతి మంచం మీదే ఉంది, చేతికి సూదులున్నాయి. గున్నమ్మ మంచం దగ్గరికి వచ్చి, దమయంతి పక్కనున్న నా వైపు చూపించింది.

"నాకు సదువు రాదమ్మా. మా పాప ఇందులో ఏటి రాసీదో ఓపాలి సదువు," అంది.

దమయంతి కుడి చేత్తో నన్ను పొట్ట మీద ఆనించుకుని చదివింది. డాక్టరు చేతులు కడుక్కోవడం, పదకొండు కాఫీలు, గురువుగారి కుక్క. గున్నమ్మ రెండుసార్లు నవ్వింది. సూపు గిన్నె దగ్గరకు వచ్చేసరికి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరి పేజీకి వచ్చాక దమయంతి ఆగింది. అక్కడితో అయిపోయిందని చెప్పి నన్ను మూసెయ్యచ్చు, గున్నమ్మకు తెలియదు. కానీ చదివింది. సుప్రజ అడిగింది చదివింది, తను రాసింది కూడా చదివింది. "చెప్పను" అన్న దగ్గర లైను తప్పింది. మళ్ళీ మొదలుపెట్టి చదివింది.

గున్నమ్మకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె ఇంకా దగ్గరకు జరిగింది.

"ఇంటికాడ కూడా అదే అనీదమ్మా. మంగళారం తెల్లారి కూడా అంది. అమా, ఆవిడ బతికే ఉంటాది గదే అంది. నాకేటి తెలుసు. ఉంటాదిలేమ్మా అన్నాను." మంచం అంచు పట్టుకుని అడిగింది. "నిజంగా ఉందా అమ్మా? నాను అబద్దం సెప్పినానా దానికి?"

దమయంతి ఆమె నల్లని వేళ్ళ వైపు చూసింది.

"ఉంది," అంది. "బతికే ఉంది. వేరే ఊళ్ళో, వాళ్ళ అక్క దగ్గర. ఆఖరి పేజీలో ఇంటికి వస్తుంది."

గున్నమ్మ తల మీద నుంచి బరువేదో దించుకున్నట్టు ఊపిరి వదిలింది. ఇయర్‌ఫోన్లు, సీసా సంచిలో వేసుకుంది. నన్ను తీసుకోలేదు. చదవడం రానిదాన్ని, నీ దగ్గరే ఉంచమ్మా అని వెళ్ళిపోయింది.

ఆమె తలుపు దాటాక దమయంతి నన్ను తెరిచి, "సరే. బుధవారం" అన్న మాట కింద ఒక్క లైను రాసింది. ఎప్పటిలాగే కుడివైపుకి జారింది ఆ లైను.

"ఈ మాట నీకు సోమవారమే చెప్పాల్సింది."

ఇప్పుడు నేను దమయంతి ఇంట్లో, బియ్యం డబ్బా మీద ఉంటాను. ఆవిడ నవలలు చదువుతూనే ఉంది. ఆఖరి నాలుగు పేజీలు మిగిలాయనగా మూసి పక్కన పెడుతుంది. వాళ్ళాయన అడిగితే, ఇంక చాల్లే అంటుంది.