ఇద్దరు కెజియాలు

2011 మార్చి 12, శనివారం. పొద్దున వెన్న రాసిన రొట్టె, ఉడికించిన గుడ్డు తిన్నాను. ఒక్క గుడ్డే ఉడికించడం ఆ వారమే అలవాటైంది. అంతకుముందు నాలుగు నెలలు చెయ్యి దానంతటదే రెండు వేసేది. రెండోది పక్కింటి కుక్కకు పెట్టేవాణ్ణి.

నా భార్య మార్జరీ పోయి నాలుగు నెలలు. తన తల్లి వైపు వంశవృక్షాన్ని పెద్ద అట్ట మీద గీసి, ఒక్క చిక్కు దగ్గర ఆపేసింది. ఆమె ముత్తవ్వ కెజియా థ్రోవర్‌కు 1842 జూన్‌లో జ్ఞానస్నానం జరిగినట్టు చర్చి పుస్తకంలో ఉంది. 1851 జనాభా లెక్కల్లో మాత్రం వయసు ఆరు అని ఉంది. "ఎనిమిదికి ఆరు రాశాడు, తాగి ఉంటాడు వెధవ," అని ఆ లెక్కల గుమస్తాను మార్జరీ పదేళ్ళు తిట్టింది. ఆ సాయంత్రం వచ్చి అట్టను ఫ్రేము కట్టించడానికి తీసుకెళ్తానని మా అమ్మాయి రోవీనా ముందే చెప్పింది. ఈలోగా చిక్కు విప్పుదామని జిల్లా దస్తావేజుల కార్యాలయానికి వెళ్ళాను.

"తాగుబోతు గుమస్తా మీద కోపం ఇంకా తగ్గలేదాండీ?" అంది చర్చి పుస్తకాల ఫిల్ము చుట్ట తెచ్చిన అక్కడి ఉద్యోగి మిసెస్ గెడ్జ్.

"కోపం మా ఆవిడది. నాకు వారసత్వంగా వచ్చింది."

"ఖననాల పుస్తకం చూశారా? మీ అందరికీ పుట్టినవాళ్ళే కావాలి, పోయినవాళ్ళు అక్కర్లేదు."

"మార్జరీ చూసే ఉంటుంది."

"ఎన్నిసార్లు చెప్పానో! చెప్పగానే ఆవిడకి బస్సు టైమయ్యేది. గడియారం చూస్తే ఇంకా గంటుండేది."

ఖననాల పుస్తకంలో, 1842 జూలై: కెజియా థ్రోవర్, వయసు మూడు వారాలు. జ్ఞానస్నానాల చుట్టను మళ్ళీ ఎక్కించి ముందుకు తిప్పాను. 1844 అక్టోబరు: అదే తల్లి, అదే తండ్రి, అదే పేరు. గుమస్తా తాగలేదు.

"అప్పట్లో మామూలేనండీ," అంది మిసెస్ గెడ్జ్ నా భుజం మీదుగా చూసి. "బిడ్డ పోతే తర్వాతి బిడ్డకి ఆ పేరే. పేరుని వృథా పోనిచ్చేవాళ్ళు కాదు." నా ముఖం చూసి ఆగిపోయింది. నీటుగానే ఉన్న కార్డులు సర్దడానికి అవతలికి వెళ్ళింది. ఆ దయకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

మా మొదటి పాప 1972లో పుట్టి తొమ్మిది రోజులు బతికింది. పేరు రోవీనా. రెండేళ్ళకు రెండో పాప పుట్టినప్పుడు, "ఆ పేరు తొమ్మిది రోజులే పిలిచాను," అంది మార్జరీ. నేను కాదనలేదు. ఆ తర్వాత ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. రెండో రోవీనాకు ఇది తెలియదు.

ఇంటికొచ్చి అట్ట మీద మొదటి కెజియాను పెన్సిలుతో చేర్చాను. మా పేర్ల కింద కూడా పెన్సిలు ఆనించాను గానీ చెయ్యి కదల్లేదు.

రోవీనా చేపలు పెట్టి బేక్ చేసిన ‘పై’ తెచ్చింది. పళ్ళేలు తీశాక అట్ట చూసింది.

"అమ్మ రాత మీద గీశావా నాన్నా? చూస్తే పెన్సిలు విరిచేసేది."

ముందు కెజియా సంగతి చెప్పాను. తర్వాత మా సంగతి. తను బల్ల మీది రొట్టె పొడిని వేలితో ఒకచోటికి చేర్చింది.

"నా ప్రతి పుట్టినరోజుకీ కేకు కోశాక అమ్మ తలనొప్పి అని మేడమీదకెళ్ళేది," అంది. "నాకు కోపమొచ్చేది. అమ్మ పిలిచింది ఎవర్ని నాన్నా, నన్నేనా?"

"నిన్నే" అనాలనిపించింది. "తెలీదు తల్లీ. నేనెప్పుడూ అడగలేదు."

నేను పెన్సిలు అందుకోబోతే తను దాన్ని తీసి పక్కన పెట్టేసింది. "అక్కని ఎవరైనా పెన్సిలుతో రాస్తారా?" అని సంచిలోంచి సిరా కలం తీసి, తన పేరుకు ముందు అదే పేరు రాసింది. 1972. తొమ్మిది రోజులు.

సిరా ఆరాక అట్టను తీసుకెళ్ళి వాళ్ళమ్మ గదిలో, బల్ల మీద పరిచింది.

"ఫ్రేముకి తర్వాత ఇద్దాం. ఇంకో వారం ఇక్కడే ఉండనీ."

దీపం ఆర్పి, లోపల పసిపిల్ల ఇప్పుడే నిద్రపోయినట్టు, చప్పుడు కాకుండా తలుపు వేసింది.