నిద్రమొహం సీటు

ఆ వీధిలో అందరూ ఆయన్ని తీగల డాక్టరు అంటారు. ఆయనకు మాత్రం అందులో డాక్టరు అన్న ముక్కే వినిపిస్తుంది. కుర్చీ కాలు ఊగితే తీగ, పంపు కారితే తీగ, చివరికి కళ్లజోడు విరిగినా తీగే. గట్టిగా చుట్టి, మెలేసి, రెండడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకుంటాడు. "ఇక దీనికి చావు లేదు" అంటాడు. ఆ దీవెన అందుకున్న వస్తువు ఎక్కువ రోజులు బతికిన దాఖలా లేదు.

ఆయన వైద్యానికి అందరికంటే ఎక్కువగా బలైంది వాళ్ల పాత పికప్ బండి. ఇంటి కింది భాగంలో వాళ్లకు లాండ్రీ ఉంది. లాడ్జీల దుప్పట్లు, తలగడ గలీబులు ఉతికి, ఇస్త్రీ చేసి, మూటలు కట్టి ఆ బండిలోనే చేరవేస్తారు. ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం, మూటలు దించి లెక్క అప్పజెప్పడం భార్య పని. బండి నడపడం, నడుపుతూ గొప్పలు కోయడం ఆయన పని.

ఆ ఇంట్లో ఆమె పేరు నిద్రమొహం. పెట్టింది అత్తగారు. బండెక్కి పక్క సీట్లో కూర్చుంటే చాలు, నాలుగు వీధులు దాటకముందే ఆమె తల వాలిపోయేది. దిగేసరికి తల దిమ్ము, కడుపులో తిప్పడం. "హాయిగా పడుకుని లేచినవాళ్లకి తలనొప్పేంటమ్మా, విడ్డూరం కాకపోతే!" అని అత్తగారు బుగ్గలు నొక్కుకునేది. సొంత అన్న పెళ్లికి వెళ్లిన రోజున పుట్టింటి గుమ్మం ముందే దిగి వాంతి చేసుకుంటే, ఆ పేరు అక్కడిదాకా పాకింది. ఇక మొగుడికి ప్రతి ప్రయాణంలోనూ ఒకటే మాట. స్టీరింగ్ మీద వేళ్లతో దరువేస్తూ అనేవాడు: "పడుకో, పడుకో. దిగేచోటు వచ్చాక లేపుతాలే."

ఆమెకు లైసెన్సు ఉంది. పెళ్లికి ముందే అన్న దగ్గర బండి నేర్చుకుంది. బండి తన చేతికిస్తే లాడ్జీలకు తనే వెళ్లొస్తానని ఎన్నిసార్లు అడిగిందో. "దీని చేతికి బండా? దుప్పట్లతోపాటు దీన్నీ మోసుకురావాలి!" అని తల్లీ కొడుకూ పడీపడీ నవ్వేవారు. ఆమెకు ఒళ్లు మండేది. కానీ లోలోపల, నిజమేనేమో, నా ఒంట్లోనే ఏదో బద్ధకం ఉందేమో అనుకునేది. మొహాన నీళ్లు కొట్టుకుని బండెక్కేది. తొడ గిల్లుకునేది. అయినా నిద్రే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇస్త్రీ గదిలో ఆవిరి మధ్య నిలబడే మనిషికి అక్కడ ఒక్క ఆవులింతైనా ఎందుకు రాదని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నవ్వడానికి ఉన్న తీరిక ఆలోచించడానికి ఉండాలి కదా.

ఇలా ఉండగా పెద్ద లాడ్జీ మేనేజరు ఫోన్ చేశాడు. "మీ దుప్పట్లు పొగ కంపు కొడుతున్నాయండీ. ఎక్కడో ఏదో కాలుతోందని జనం గదుల్లోంచి బయటికి పరిగెడుతున్నారు."

"సబ్బు పొడి మార్చు" అని డాక్టరుగారు భార్యకు మందుల చీటీ రాసినట్టు చెప్పాడు.

సబ్బు పొడి మారింది, కంపు మారలేదు. పైగా బండి అరుపు రోజురోజుకీ పెరిగి, అది వీధి మొదట్లో ఉండగానే పొగ పడకుండా పాలగిన్నె మీద మూత పెట్టుకునేంత వ్యవధి అందరికీ దొరికేది. ఇక తప్పక ఒక ఉదయం ఆయన బండి కిందికి దూరాడు. సైలెన్సరుకు వెళ్లే పైపు తుప్పుపట్టి జల్లెడైంది. దాని మీద ఆయనే ఎప్పుడో పెయింటు డబ్బా రేకు కత్తిరించి తీగతో చుట్టాడు. దాన్ని మెచ్చుకోలుగా చూసుకుని, పైపు మొత్తం తనే మార్చేస్తానని స్పానరు అందుకున్నాడు. మొదటి పట్టుకు తుప్పంతా కళ్లలో పడింది. రెండో పట్టుకు బోల్టు విరిగింది, దాంతోపాటు ఆయన మణికట్టు బెణికింది.

"నాసిరకం బోల్టు" అన్నాడు, చెయ్యి పట్టుకుని మూలుగుతూ.

మెకానిక్ ఇంటికి రానన్నాడు. బండినే షెడ్డుకు తెమ్మన్నాడు. డాక్టరుగారి చెయ్యి గేరు మార్చే స్థితిలో లేదు. అత్తగారు కొడుకు చేతినీ కోడలి మొహాన్నీ మార్చి మార్చి చూసి, "దారిలో దాన్ని గిల్లుతూ ఉండరా నాన్నా" అని సాగనంపింది.

అలా తాళాలు ఆమె చేతికొచ్చాయి. తన వైపు అద్దం పూర్తిగా దించుకుంది. ఆయన ఎప్పుడూ మోచెయ్యి బయటపెట్టి దర్జాగా నడిపే కిటికీ అది. పక్క సీటు అద్దం మాత్రం దిగదు. గడగడలాడుతోందని ఆయనే దానికి స్క్రూ బిగించి, దానికీ చావు లేదని దీవించాడు.

"క్లచ్ నెమ్మదిగా వదులు. అద్దంలో చూసుకో. కునుకు వస్తే చెప్పు" అని ఆయన మొదలుపెట్టాడు. ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. కాసేపటికి సలహాలు పలచబడ్డాయి. తర్వాత ఆగిపోయాయి. పక్కకు చూస్తే తల వాలిపోయి, నోరు తెరుచుకుని ఉన్నాడు.

ఆమెకు ముందు నవ్వొచ్చింది. రాత్రంతా గుర్రుపెట్టి పడుకున్న మనిషికి ఇదేం నిద్ర? పిలిచింది. పలకలేదు. భుజం తట్టింది. తల ఇటునుంచి అటు వాలింది. నవ్వు ఎగిరిపోయింది. బండి పక్కకు ఆపి, అటువైపు పరిగెత్తి, తలుపు లాగి ఆయన్ని గాలిలోకి ఈడ్చింది. "ఏవండీ! లేవండి!"

ఆయన కళ్లు తెరిచి, కణతలు రెండు చేతులతో పట్టుకున్నాడు. "తల పగిలిపోతోందే. కడుపులో తిప్పుతోంది."

అక్షరం పొల్లుపోకుండా ఆమె మాటలే. ఆమె ఆ సీటును చూసింది, స్క్రూ బిగించిన అద్దాన్ని చూసింది. కాళ్ల కింది పట్టా అంచునుంచి సన్నగా పొగ లేస్తోంది. ఆయన బతికాడన్న ఊరట ఒక్క క్షణం ఉంది. ఆ వెనకే కోపం వచ్చింది. మూడేళ్లు తన ఒంటిని తనే తిట్టుకున్నందుకు కోపం.

అక్కణ్నుంచి తలుపులు రెండూ తాడుతో ఓరగా తెరిచి కట్టి, బండిని మనిషి నడిచినంత నెమ్మదిగా నడిపింది. షెడ్డులో మెకానిక్ బండి కిందికి వంగబోతుంటే, "ముందు ఆ సీటు కింద చూడండి" అంది.

మెకానిక్ నోరు పెద్దది. పట్టా ఎత్తి, అరచెయ్యంత కన్నంలోంచి కిందికి చూసి, షెడ్డంతా వినబడేలా నవ్వాడు. "ఈ డబ్బా రేకు చుట్టింది ఏ మహానుభావుడమ్మా? పొగ ఊరికే కింద పోయేది. దాన్ని పట్టుకొచ్చి సరిగ్గా ఈ కన్నంలోకి ఎక్కించాడు! ఇక్కడ కూర్చునేది ఎవరు?"

"నేను" అంది ఆమె.

మెకానిక్ నవ్వు ఆగిపోయింది. "ఎన్నాళ్లుగా?"

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన గోడకున్న టైర్ల కేసి చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

పాత పైపును కోత మిషన్‌తో ముక్కలు చేసి దించారు. కింద పడ్డ ముక్కలు కాలు తగిలితే పొడైపోయాయి. కొత్త పైపు, కొత్త సైలెన్సరు, రబ్బరు పట్టీలు బిగించారు. నేల కన్నానికి రేకు వేసి వెల్డింగ్ పెట్టారు. అద్దం స్క్రూ ఆమే దగ్గరుండి తీయించింది. బండి స్టార్ట్ చేస్తే, అది ఉందా లేదా అన్నంత మెత్తగా పలికింది.

"నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను, పైపు మార్చాలని" అన్నాడు ఆయన. తర్వాత మణికట్టు రెండుసార్లు తిప్పి చూపించాడు. "నొప్పి తగ్గింది. తాళాలివ్వు."

"తగ్గితే మంచిదే. రేపట్నుంచి మూటలు ఎత్తాలిగా" అని ఆమె స్టీరింగ్ వైపు ఎక్కి తలుపేసుకుంది.

ఆయన కాసేపు నిలబడి, చుట్టూ చూసి, వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె వేళ్లతో స్టీరింగ్ మీద ఒక్కసారి దరువేసింది.

"పడుకోండి, పడుకోండి. దిగేచోటు వచ్చాక లేపుతాలే."

ఆయన పడుకోలేదు. ఇన్నేళ్లలో ఆ సీట్లో ఒక మనిషి ఇంటిదాకా మెలకువగా రావడం అదే మొదటిసారి.