తాయమ్మాళ్ నోట రాని పేరు

“మొత్తం తుడిచేసి, పాత బ్యాకప్ ఎక్కించేయి. దీనికింత ఆలోచన ఏమిటికి?” అన్నాడు వెంకటసామి.

డేటా సెంటర్ గాజు తలుపుకు వీపు ఆనించి, పొడుగాటి చెప్పుల కొన నేలకు తాటిస్తూ నిలబడ్డాడు. బయట, కోయంబత్తూరు పీళమేడులోని గేటు దగ్గర పంపుసెట్లు ఎక్కించుకున్న లారీలు బిల్లు రాక బారులు తీరి ఉన్నాయి. ఊరవతల కినత్తుకడవులోని ఫౌండ్రీలో ఏ అచ్చులో పోయాలో చెప్పే దిక్కు లేక కరిగిన ఇనుము ముందు మనుషులు చేతులు కట్టుకు కూర్చున్నారు. గరుడాద్రి పంప్స్‌లో పొద్దున షిఫ్టు మొదలైన కాసేపటికే కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. అంత జరిగినా కంపెనీ ఎండీ అయిన ఈ వెంకటసామిగారి జుట్టు మాత్రం చెదరలేదు.

రంజని అతనివైపు తిరగలేదు. కంపెనీ కంప్యూటర్ల బాధ్యత అంతా ఆమెది. ఛైర్మన్ తాయమ్మాళ్ ఆమెకు మేనత్త, వెంకటసామికి తల్లి. ఆ లెక్కన ఈ చెప్పుల శాల్తీ ఆమెకు బావ అవుతాడు. బంధుత్వాల్లో మనం ఎంచుకునేది ఏమీ ఉండదు గదా అని చిన్నప్పటినుంచీ ఆమె సర్దుకుంటూనే వస్తోంది.

గదిలో ఓ మూల ప్లాస్టిక్ కుర్చీలో జెబరాజ్ కూర్చుని ఉన్నాడు. స్టోరేజ్ ఇంజినీరు. అతని ఫోను అప్పుడే ఒక కవర్లోకి చేరింది. ఆ కవరు విజిటర్స్ రూంలో ఫిల్టర్ కాఫీ తాగుతున్న సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్ పక్కన బల్ల మీద ఉంది. భోజనాల వేళకు జెబరాజ్‌ను కూడా అదే దారిలో తీసుకుపోతారు. అదనపు డిస్కుల పెట్టెను దొంగచాటుగా తీసేసి, హెచ్చరిక అలారాన్ని ఆపి, కంపెనీని ముంచాడని ఫిర్యాదు. రాసిచ్చింది వెంకటసామి.

అసలు సంగతి ఇది. ఒకప్పుడు ఈ కంపెనీలో డిజైన్ వాళ్ళకు ఒక స్టోరేజ్ పెట్టె, అకౌంట్స్ వాళ్ళకు ఒకటి, ఫౌండ్రీ వాళ్ళకు ఇంకొకటి ఉండేవి. ఒక్కొక్కటి ఒక్కొక్క కంపెనీ తయారీ. ఒకటి నిండి పొంగుతుంటే పక్కది సగం ఖాళీగా కరెంటు తింటూ ఉండేది. రంజని వాటన్నిటి మీదా ఒక సాఫ్ట్‌వేర్ పొర వేసి, అన్నీ కలిపి ఒకే తొట్టిలాగా చేసింది. అందరూ ఆ ఒక్క తొట్టిలోంచే తోడుకుంటారు. ప్రతి విభాగానికీ నీకు చాలా చోటుంది అని చెబుతారు, వాడుకున్న మేరకే లోపల ఇస్తారు. తొట్టి నిండబోతే అలారం మోగుతుంది, పక్కన అదనపు డిస్కులతో రిజర్వు పెట్టె ఉంటుంది. పాత పెట్టెలు చాలావరకు ఆపేశారు. ఏసీ బిల్లు, కరెంటు బిల్లు, మరమ్మతు కాంట్రాక్టులు నిజంగానే తగ్గాయి.

తగ్గించింది తనేనని చెన్నై హోటల్లో మైకు పట్టుకుని చెప్పుకున్నది మాత్రం వెంకటసామి. శాలువా కప్పారు. ఇంకా తగ్గిస్తానని అక్కడికక్కడే మాట ఇచ్చేసి వచ్చాడు. తగ్గించడానికి ఏం మిగిలిందో అతనికి తెలియదు. తెలుసుకోవడం అనే పని అతనికి ఏనాడూ అలవాటు లేదు. వాడిపట్టిలో చుట్టాల పెళ్ళికని రంజని మదురై వైపు వెళ్ళిన వారంలో రిజర్వు పెట్టె లీజు కంపెనీకి తిరిగి వెళ్ళిపోయింది. మాటిమాటికీ మోగుతోందని అలారం నోరు నొక్కేశారు. నెలాఖరు పనులన్నీ వచ్చి పడి తొట్టి నిండింది. పెళ్ళికి కట్టిన చీరలు రంజని సంచిలోంచి తీయకముందే కంపెనీ ఆగిపోయింది.

“మీ వీధి వాళ్ళ చేతికి ఈ గది తాళం ఇచ్చింది మా అమ్మ తప్పు,” అన్నాడు వెంకటసామి, కుర్చీ వైపు చూడకుండానే.

జెబరాజ్ చెప్పాల్సింది పొద్దున్నే రంజనికి చెప్పేశాడు. డేటా సెంటర్లో ఏ మార్పు చేయాలన్నా ఛైర్మన్ ఫోనులో నోటితో సరేననాలి, ఆ మాట రికార్డు కావాలి. ఇంగ్లీషు కాగితాల మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టే బాధ భార్యకు ఉండకూడదని తాయమ్మాళ్ భర్త బతికుండగా పెట్టిన పద్ధతి అది. పెట్టె తీయమని, అలారం ఆపమని ఆ లైన్‌లోనే ఆమె చెప్పింది. అడిగిందెవరో పేరు చెప్పమని కూడా జెబరాజ్ ఆమెను అడిగాడు. ఆమె నవ్వి, ఆ పేరు నా నోట రాకూడదని నీకు తెలీదా అంది.

అడిగింది ఎవరో తెలియడానికి అది చాలు. ఎందుకంటే ఈ కంపెనీలో తాయమ్మాళ్ పలకకూడని పేరు ఒక్కటే. కంపెనీ పెట్టిన మామగారి పేరు వెంకటసామి. మనవడికి అదే పేరు పెట్టారు. మామ పేరు కోడలు నోటితో అనకూడదు కాబట్టి కన్నకొడుకును ఆమె ఇన్నేళ్ళూ ‘వాడు’ అనే పిలిచింది. పిలవడానికి కూడా పనికిరాని మనిషికి అంత పెద్ద పేరెందుకని రంజని ఎన్నోసార్లు అనుకుంది.

కానీ ఆ రికార్డింగు కూడా బిగుసుకుపోయిన ఈ తొట్టిలోనే ఉంది. గొంతు రికార్డింగులకు బ్యాకప్ అనవసరమని ఖర్చు తగ్గింపులో కొట్టించేసింది బావగారే. తుడిచేస్తే అది పోతుంది. దానితోపాటు జెబరాజ్ కూడా పోతాడు.

“తుడవడం కూడా మార్పే గదా బావా,” అంది రంజని నెమ్మదిగా. “అత్త నోటి మాట కావాల. రికార్డు లైను చచ్చి పడుండాది. రికార్డు లేకుంటే ఆర్డరు లేదు. మీ నాయన పెట్టిన రూలు, నాది కాదు.”

వెంకటసామి ముఖం ఎర్రబడింది. రూల్సు అతనికి ఇష్టమే, తనమీదికి రానంతవరకు. అమ్మనే ఇక్కడికి తీసుకొస్తాను, బోర్డులో కూర్చున్న మామలందరి ఎదుటా చెప్పిస్తాను, అప్పురం ఏం చేస్తావో చూస్తానని వెళ్ళిపోయాడు.

రంజనికి కావలసింది ఆ కాస్త సమయమే. పొద్దున్నే ఆమె కినత్తుకడవుకు ఫోను చేసింది. ఆపేసిన పాత పెట్టెల్లో ఒకటి ఇంకా ఫౌండ్రీ గోడౌన్లో ఉంది. ఆయుధపూజకు బొట్టు పెట్టిన యంత్రాన్ని మళ్ళీ పూజ వచ్చేదాకా పాత ఇనుముకు వేయకూడదని తాయమ్మాళ్ కట్టడి. దాన్ని అమ్మేయమని వెంకటసామి ఎగిరినా ఎవరూ తాకలేదు. దాన్ని తయారుచేసింది వేరే కంపెనీ, వయసు అయిపోయింది, వారంటీ లేదు. అయినా రంజని వేసిన పొరకు ఏ కంపెనీ పెట్టె అయినా ఒకటే. ఆ పొర వేసిందే అందుకు.

గోడౌన్ చూసుకునే మారియప్పన్ దాన్ని కొబ్బరికాయల మినీలారీలో వేసుకుని పొల్లాచ్చి రోడ్డు ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వచ్చాడు. కొబ్బరి పీచు అంటుకుని, ఎండిన కుంకుమ బొట్టుతో పెట్టె లోపలికి వచ్చింది. జెబరాజ్ కుర్చీలోంచి లేచాడు. లేవొద్దని కాపలా కానిస్టేబుల్ అన్నాడు. అతన్ని లేవనివ్వకపోతే ఈ కంపెనీ లేవదని రంజని చెప్పింది. కానిస్టేబుల్ ఆలోచించి, తల తిప్పుకున్నాడు.

ఇద్దరూ కేబుళ్ళు బిగించారు. పెట్టె మూలిగింది, ఫ్యాన్లు దుమ్ము కక్కాయి. వరసగా పచ్చ దీపాలు వెలిగాయి, ఒకటి మాత్రం ఎర్రగా. ఒక డిస్కు చచ్చింది, మిగతావి చాలు అన్నాడు జెబరాజ్. రంజని పెట్టెను తొట్టిలో కలిపింది. తెర మీద తొట్టి మట్టం చూపే గీత అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత గీత కొద్దిగా కిందికి జారింది, ఇంకాస్త జారింది. గేటు దగ్గర మొదటి లారీ హారన్ కొట్టింది. బిల్లు వచ్చేసింది.

“ముందు ఆ రికార్డింగు తీయి తంబి,” అంది రంజని. “మిగతావన్నీ అప్పురం.”

బోర్డు రూంలో కంపెనీ పెట్టిన మామగారి నిలువెత్తు ఫోటో కింద తాయమ్మాళ్ కూర్చుని ఉంది. చుట్టూ బోర్డు మామలు. మేనల్లుళ్ళ, అల్లుళ్ళ తప్పులకు తలూపడంలో వాళ్ళను మించినవాళ్ళు కోయంబత్తూరులో లేరు. పెట్టె తీయమన్నది ఎవరని ఇన్‌స్పెక్టర్ అంతకుముందే ఆమెను అడిగాడట. జ్ఞాపకం లేదు అందట. వెంకటసామి తల్లి కుర్చీ వెనక, కుర్చీ తనదే అన్నట్టు చెయ్యి వేసి నిలబడ్డాడు.

రంజని ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి నొక్కింది. మొదట జెబరాజ్ గొంతు, తర్వాత తాయమ్మాళ్ గొంతు.

“పెద్దమ్మా, ఎవరు అడిగింది? పేరు చెప్పాల.”

“ఆ పేరు నా నోట ఎట్ల వస్తాదిరా? రాకూడదని నీకు తెలీదా? వాడు అడిగినాడు, ఆ పెట్టె తీసి పంపేయి. ఆ అలారం గూడ ఆపేయి.”

మామలు ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేదు. బల్లను చూశారు.

వెంకటసామి నవ్వాడు. ఇదంతా కంప్యూటరుతో పుట్టించిన గొంతని, ఇప్పుడు పిల్లలు ఫోనులోనే చేస్తున్నారని, ఇంజినీరుకు అదేం కష్టమని ఇన్‌స్పెక్టర్‌కు తమిళంలో, ఓపికగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. రికార్డింగు పరీక్షకు పంపాలి, అది తేలేదాకా మనిషిని తీసుకుపోక తప్పదన్నాడు. ఛైర్మన్ అమ్మగారే నోటితో పేరు చెబితే వేరే సంగతి.

రంజని మేనత్త దగ్గరికి వెళ్ళి వంగింది.

“అత్తా, నువ్వు అబద్ధం చెప్పనక్కర్లే. నువ్వు సుమ్మా, నోరు విప్పకుండా ఉన్నా చాలు. అంతమాత్రానికే ఆ పిల్లవాడిని తీసుకుపోతారు.”

తాయమ్మాళ్ తలుపు దగ్గర నిలబడ్డ జెబరాజ్‌ను చూసింది. తర్వాత తల తిప్పి కొడుకును చూసింది. అతను తొణకలేదు. పైగా ఇన్‌స్పెక్టర్‌తో మర్యాదగా అన్నాడు:

“మా అమ్మ తాత పేరు నోట ఎత్తదు సార్. ఏనాడూ ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తదు. మా కుటుంబ మర్యాద అది.”

అప్పుడు అర్థమైంది రంజనికి, వీడి తెలివంతా ఇంతేనని. బతుకంతా తల్లి మూసుకున్న నోటి వెనక దాక్కోవడం. పెట్టె తీయమని తనే ఫోను చేసి ఉంటే పేరు రికార్డు అయ్యేది. అందుకే అమ్మ చేత చేయించాడు. ఇంకా ఎన్ని ఇలా చేయించాడో.

అర్థమైంది ఆమెకు ఒక్కదానికే కాదు. కుర్చీ మీది కొడుకు చేతిని తాయమ్మాళ్ పురుగును తీసినట్టు రెండు వేళ్ళతో తీసి పక్కకు పెట్టింది. లేచింది. ఫోటో వైపు తిరిగి కొంగు భుజం నిండా కప్పుకుని చేతులు జోడించింది.

“మామా, తప్పుగా తలచొద్దు,” అంది. “మీ పేరును కాపాడినానని అనుకుంటిని. ఈ సోమరిని కాపాడినాను.”

అమ్మా అన్నాడు వెంకటసామి. ఆ గొంతులో మొదటిసారి పలచదనం వినిపించింది. బోర్డు మామల్లో ఒకడు “అక్కా, ఇంట్లో మాట్లాడుకుందాం” అని గొణిగాడు. ఆమె ఇద్దరినీ వినలేదు. ఇన్‌స్పెక్టర్‌కు ఎదురుగా నిలబడింది. నేర్చుకోని మాటను నోట్లో కూడదీసుకుంటున్న మనిషిలా ఒక్క క్షణం ఆగింది.

“రాసుకోండి. పెట్టె తీయమన్నది, అలారం ఆపమన్నది ఆ పిల్లవాడు గాదు,” అంది. “వెంకటసామి. నా కొడుకు వెంకటసామి.”