సరే అన్నందుకు

ప్రొద్దుటూరులో గడియారాలు బాగుచేసే నూర్ అహ్మద్‌ను 1958లో హత్య కుట్ర కేసులో పట్టుకున్నారు. నిజానికి ఎవరూ చావలేదు. ఒక కంట్రాక్టరును చంపాలని నలుగురు అతని అంగట్లో కూర్చుని మాట్లాడుకున్నారు. ఆయన జీపు వస్తే కబురు చెయ్యమని గొంతు మీద కత్తి పెడితే, నూర్ అహ్మద్ "సరే" అన్నాడు. మర్నాడే అందరూ దొరికిపోయారు.

"నేనేం చేసినా సామీ?" అని వకీలు త్రివిక్రమరావును అడిగాడు.

"ఏమీ చేయనక్కరలేదప్పా. చంపేదానికి ఒప్పుకోవడమే నేరం. మనసారా ఒప్పుకున్నావా, భయపడి అన్నావా, అదే తేలాల."

"నా భయం ఎవరు చూసినారు?"

"ఆ నలుగురే."

వాళ్లలో దావూద్ శిక్ష తప్పించుకోవడానికి అప్రూవర్‌గా, అంటే సర్కారు తరఫు సాక్షిగా మారాడు. అతను కడప కోర్టులో బోనెక్కాడు.

"సరే అన్నాడు దొరా" అన్నాడు దావూద్.

"ఎందుకన్నాడు?" అన్నాడు త్రివిక్రమరావు.

దావూద్ నూర్ అహ్మద్ వైపు చెయ్యి చూపించాడు. "ఆయప్ప గొంతు మీద కత్తి పెట్టింది నేనే."

జడ్జి నూర్ అహ్మద్‌ను వదిలేసి, మిగతా ముగ్గురికీ శిక్ష వేశాడు. మెట్లు దిగుతుంటే వాళ్ల మనుషులు గేటు దగ్గర నిలబడి అతన్నే చూస్తున్నారు. భార్య హజరాబీ అతని చేయి పట్టుకుని గేటు దాటించింది.