చేప ఫోటోలో నీడ

ఎరలు అమ్మే కొట్టు గోడమీద ఓ ఫోటో ఉంది. అందులో తాళాలు బాగుచేసే పెద్దాయన ఓ పెద్ద చేపను చంటిబిడ్డలా ఎత్తుకుని నవ్వుతున్నాడు. ఆయన కాళ్ల దగ్గర, ఇసుకలో, ఫోటో తీసినావిడ నీడ పడింది. ఆవిడ ఆయన భార్య. పోయినేడాది కన్నుమూసింది.

తనను ఫోటో తీస్తానంటే ఆవిడ ముఖం తిప్పేసుకునే మనిషి. ఎండ తన వీపున, ఆయన ముఖాన పడితేనే చేప మెరుస్తుందని ఆవిడ పట్టు. నీడ పడి ఫోటో పాడైందని ఆయన సణుగుడు. అందుకే ఇంట్లో ఉన్న చేప ఫోటోలన్నిటికీ కిందిభాగం కత్తిరించి మరీ అద్దాలు కట్టించాడు. కత్తెర పడనిది ఈ ఒక్కటే.

"నాకిచ్చెయ్యరా," అన్నాడు కొట్టువాడితో.

"దాన్ని చూసే గదా బాబాయ్ జనం నా దగ్గర ఎరలు కొనేది. ఫోనులో తీసుకోరాదూ?"

"తీశాను. అద్దంలో నా మొహమే పడింది."

"అయితే ఇంతకన్నా మంచిది తెచ్చి తగిలించు. దీన్ని పట్టుకుపో."

పెద్దాయన మళ్లీ గాలం దుమ్ము దులిపాడు. మొదటి చేపను గట్టున పడుకోబెట్టి ఫోటో తీశాడు.

"పోస్టుమార్టం ఎప్పుడు బాబాయ్?" అన్నాడు కొట్టువాడు.

రెండోసారి ఒక చేత్తో చేప, ఇంకో చేత్తో ఫోను పట్టుకున్నాడు. చేప జారిపోయింది. ఫోటోలో తోక, ఆయన గడ్డం మిగిలాయి. చేపకు రెండు చేతులు కావాలి, ఫోనుకు మూడోది. ఆ మూడో చెయ్యి ఇన్నేళ్లూ పక్కనే ఉండేది కాబట్టి ఆయనకా సంగతి తెలియలేదు.

చివరికి పనిబల్ల మీది పట్టుకారును ఓ కర్రకు బిగించి, ఒడ్డున పాతి, దానికి ఫోను కరిపించాడు. కాసేపాగి దానంతటదే ఫోటో తీసుకునేలా పెట్టాడు. అంతదాకా చేపను వలసంచిలో నీళ్లలోనే ఉంచాడు. చేతులు తడుపుకుని, ఎండకు ఎదురు తిరిగి, నీళ్లోడుతున్న చేపను పైకెత్తాడు. పొలుసు పొలుసూ తళుక్కుమంది.

"అయిందా?" అన్నాడు అలవాటు కొద్దీ.

ఆవిడైతే "ఉండు, కదలకు" అనేది. ఫోను మాత్రం టిక్కుమని ఊరుకుంది. ఆయన చేపను నీళ్లలోకి వదిలేశాడు.

పెద్దాయన అచ్చు వేయించి తెచ్చిన ఆ ఫోటోను కొట్టువాడు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "అదిరింది బాబాయ్. నోరు తెరిచున్నావ్, ఎవర్నో ఏదో అడుగుతున్నట్టు. ఎవరు తీశారు?"

"ఎవరూ లేరు."

"కింద ఈ కర్ర నీడ ఒకటి. కత్తిరించేద్దామా?" అంటూ కత్తెర అందుకున్నాడు.

"వద్దు. ఉండనీ."

మాట ప్రకారం కొట్టువాడు గోడ మీదిది దించి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని తువ్వాల్లో చుట్టి, రెండు చేతులా గుండెకు పొదువుకుని ఇంటికి నడిచాడు. తలుపుకు తాళం వేసి ఉంది. ఊరందరి తాళాలూ తీసే మనిషి జేబులో తాళంచెవి పెట్టుకుని, దాన్ని తియ్యడానికి చెయ్యి ఖాళీ లేక, ఫోటోను కింద పెట్టడానికి మనసొప్పక, గుమ్మం ముందు చాలాసేపు అలాగే నిలబడ్డాడు.