నలభై ఖాళీ గీతలు

ఇంకొక్కేడాది మీద నాకున్న కోపం ఇప్పట్లో తీరేది కాదు. అది ఆ మనిషికి కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, మేం పెట్టినది. పదకొండేళ్లు సాగిన యుద్ధాన్ని ఇంకా సాగించాలా, ఆపాలా అని చట్టసభలో ఆరుసార్లు ఓటింగు పెట్టారు. మా ఊరి తరఫున వెళ్లిన ఆయన ఆరుసార్లూ సాగించమనే చెయ్యెత్తాడు. ఎత్తిన ప్రతిసారీ ఊరికొచ్చి, ఎంతో ప్రేమగా, "ఇంకొక్క ఏడాది ఓపిక పట్టండి" అన్నాడు. చివరకు బస్సు ఆలస్యమైనా, కుళాయిలో నీళ్లు రాకపోయినా మా వీధిలో జనం అదే మాట అనుకుని నవ్వుకునేవారు. సైన్యం గోదాముకని నా పొలం తీసుకున్నది కూడా ఒక్క ఏడాదికే.

చదివే అయ్యలకూ అమ్మలకూ ఒక మనవి. ఇది నా పొలం కథ కాదు. ఒక ఆడమనిషి తన పనిలో భాగంగా అడిగిన చిన్న ప్రశ్న కథ. ఆమె మేలు మరిచిపోకూడదని రాస్తున్నాను.

పొలం పోయాక నేను వడ్రంగం పట్టాను. నా కొట్టు పక్క గదిలో బోర్డులు రాసే అక్క ఉండేది. మందుల దుకాణం, చెప్పుల దుకాణం, బడి గేటు, ఊళ్లో కనిపించే అక్షరాల్లో సగం ఆమె చేతివే. ఐదో తరగతిలో బడి మానేసిన నేను తప్పుల్లేకుండా రాయడం ఆ బోర్డులు చూసే నేర్చుకున్నాను. టౌన్ హాల్లో యుద్ధంలో పోయినవాళ్ల పేర్ల బోర్డు ఒకటుంది. అందులో నాలుగో పేరు ఆమె భర్తది. అదీ ఆమే రాసుకుంది. ఎందుకక్కా అంటే, వేరేవాళ్లు రాస్తే వంకర పోతుందని భయం అనేది.

ఆ బోర్డు నిండిపోయింది. ఎన్నికలు నెలన్నరలో ఉన్నాయనగా, పెద్ద బోర్డు చేయమని ఇంకొక్కేడాది ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆయన చేతుల మీదుగా తెర తీస్తారట. పాతవీ కొత్తవీ కలిపి అరవై ఎనిమిది పేర్లు. నేను చెక్కను నున్నగా చిత్రిక పట్టి, నల్లరంగు వేసి, అక్క గదిలో గోడకు ఆనించాను.

బోర్డు రాసేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. కుంచె ముట్టే ముందు సుద్దముక్కతో గీతలు కొట్టుకోవాలి. మొత్తం ఎన్ని వరుసలో తెలియకపోతే అక్షరం ఎంత ఎత్తుండాలో తేలదు. అందుకే పని చెప్పేవాళ్లను అక్క ముందుగా అడిగేది ఒక్కటే, కింద ఇంకా ఎన్ని చేరతాయని. ధరల పట్టికైనా, డాక్టర్ల పేర్లైనా అదే ప్రశ్న.

ఒక మధ్యాహ్నం ఇంకొక్కేడాది తానే బోర్డు చూడటానికి వచ్చాడు. వెంట నలుగురు. అప్పుడే మా అమ్మ నాకు భోజనం క్యారియర్ తెచ్చింది. రెండేళ్లకని సైన్యంలోకి తీసుకెళ్లిన మా తమ్ముడు అప్పటికి నాలుగో ఏట ఉన్నాడు. సభ ఏడోసారి చెయ్యెత్తితే ఐదో ఏడూ అక్కడే. ఆయన అమ్మను మర్యాదగా పలకరించాడు, చెక్క నునుపు మెచ్చుకున్నాడు. అక్క అలవాటుగా అడిగింది.

"అరవై ఎనిమిది పేర్లు ఇచ్చారయ్యా. కింద ఎన్ని గీతలు వదలమంటారు?"

ఆయన బోర్డును పైనుంచి కిందికి చూశాడు. ఇంటికి బీరువా చేయించుకునేవాడిలా ఆలోచించాడు.

"ఓ నలభై వదులమ్మా. మాటిమాటికీ కొత్తది చేయించడం దండగ."

వెంట ఉన్నవాళ్లు తలలూపారు. ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. నన్ను ఇప్పటికీ మండించేది అదే.

అమ్మ క్యారియర్ కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"ఆ నలభైలో మా చిన్నోడిది ఎన్నోది బాబూ?"

"అవేం మాటలమ్మా? మీవాడు బంగారంలా తిరిగొస్తాడు."

"అయితే ఎవరివాడు రాడు?"

ఆయన వాచీ చూసుకున్నాడు. ఇంకో చోట మీటింగుందని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి అక్క అరవై ఎనిమిది పేర్లూ తీర్చి రాసింది. పని అయ్యాక సుద్దగీతలు తడిగుడ్డతో తుడిచేయాలి. ఆమె తుడవలేదు. కింది నలభై గీతలనూ తెల్లరంగుతో దిద్ది, పక్కన అరవై తొమ్మిది నుంచి నూట ఎనిమిది దాకా అంకెలు వేసింది. నీకిక పనులు రావక్కా అన్నాను. "ఆయన చెప్పిన కొలతేగా రాశాను. నువ్వు మాత్రం గీసిన చోటే కొయ్యవూ?" అంది.

తెర తీసినప్పుడు హాల్లో ముందు చప్పట్లు మోగాయి. తర్వాత ఒక్కొక్కరుగా ఆగిపోయారు. ఖాళీ గీతల వైపు చూస్తూ వెనక ఎవరో మెల్లగా లెక్కపెట్టడం వినిపించింది. రాసినావిడ రెండు మాటలు చెబుతుందని ముందే అనుకున్నారు కాబట్టి మైకు ఆమెకు ఇచ్చారు.

"నాకు ప్రసంగాలు రావు. ఈయన చెడ్డవాడని అనను. మా ఆయన పోయినప్పుడు ఇంటికొచ్చి కన్నీళ్లు పెట్టుకున్నాడు. కానీ కింద ఎన్ని వదలాలని అడిగితే నలభై అని చెప్పింది ఈయనే. చెయ్యెత్తిన ప్రతిసారీ ఇలాంటి ఖాళీలు ఉన్నాయి. అప్పుడు మనకి కనపడలేదు, ఇప్పుడు చూశారు. రేపు ఓటేసేటప్పుడు ఎవరి మాట తియ్యగా ఉందో చూడకండి. వాళ్ల చెయ్యి దేనికి లేచిందో చూడండి."

ఆ ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. ఇలాంటి బోర్డులున్న ఊళ్లు ఇంకా చాలానే ఉండాలి, ఆయనలాంటివాళ్లు చాలామంది ఓడారు. కొత్త సభ యుద్ధం ఆపమంది. తుపాకులు నిజంగా ఆగడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆలోగా మూడు గీతలు నిండాయి. ఆ మూడు పేర్లూ అక్కే రాసింది.

మిగిలిన ముప్పై ఏడూ ఖాళీగానే ఉన్నాయి. మా తమ్ముడు బస్సు దిగాడు. ఎడమ చెవి వినపడదు. అమ్మ ఒకే మాట మూడుసార్లు చెప్పి, మూడుసార్లూ నవ్వుతుంది. ప్రతి నెలా హాలుకు వెళ్లి ఆ ఖాళీ గీతల మీద దుమ్ము కొంగుతో తుడిచి వస్తుంది.

గోదాము కదల్లేదు. కాంక్రీటు పోసిన నేల ఇక దుక్కికి రాదన్నారు. కోపం కోపమే. అయినా పొద్దున్నే తమ్ముడు కొట్టు తలుపు తీస్తుంటే, అక్క గది వైపు చెయ్యెత్తి ఒక దండం పెట్టుకుంటాను. ఆ యుద్ధంలో నాకు పోయింది ఎకరం ముప్పై రెండు సెంట్లు. అంతే.